తాళం వేసిన ఇంటి ఫోను

"తాళంచెవి ఇక్కడ పెట్టు," అంది అత్తగారు, భోజనాల బల్ల మీద వేలితో చోటు చూపిస్తూ.

చిన్నకోడలు చేతిసంచీలోంచి తాళంచెవి తీసింది. తీసింది గానీ పెట్టలేదు. పెడితే నేరం ఒప్పుకున్నట్టు, పెట్టకపోతే దాచుకున్నట్టు. ఆదివారం నుంచీ ఆమె బతుకు అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.

"ఇది మీరే ఇచ్చారు కదా అత్తయ్యా. కుట్టుషాపు నుంచి వచ్చి గుమ్మంలో పడిగాపులు పడొద్దని."

"ఇచ్చినదాన్నే అడుగుతున్నాను. తప్పా?"

"తప్పనడం లేదు. ఎందుకో చెప్పమంటున్నాను."

"నా నోటితో చెప్పించకు."

అలా అన్నవాళ్ళెవరూ చెప్పకుండా ఊరుకోరు. ఆవిడా ఊరుకోలేదు.

"ఆదివారం మీ బావగారు హాస్టలుకి వెళ్తే వార్డెనమ్మ ఏమందో విన్నావుగా. బుధవారం మధ్యాహ్నం మీ ఇంటి నుంచి ఫోను వస్తుందండీ, ఆవిడెవరో ఎంత ఓపిగ్గా మాట్లాడతారో, ఆ ఫోను కోసం పిల్ల వారమంతా కాచుకుని కూర్చుంటుంది అని. మనల్ని మెచ్చుకుంటున్నాననుకుంది ఆ మహాతల్లి."

"విన్నాను."

"బుధవారం ఈ ఇంట్లో ఎవరుంటారు? నేను మా చెల్లెలి దగ్గర. పెద్దోడు బస్సు మీద. చిన్నోడు బేకరీలో. మీ మామగారు చదరంగానికి పోతారు. ఇంటికి తాళం. తాళం వేసిన ఇంట్లోంచి ఫోను ఎవరు చేస్తున్నారు, బల్లులా?"

"నాకు తెలీదు అత్తయ్యా."

"నీ షాపు రెండు వీధుల అవతలే. అన్నం వేళకి వచ్చి నువ్వు తలుపు తీస్తే అడిగేదెవరు? అది లోపలికొచ్చి, నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నా మనవరాలితో..."

"అది" అంటే పెద్దకోడలు. కిందటేడాది దాకా ఈ ఇంటి మనిషే. ఆస్పత్రిలో నర్సు. కూతురికి జ్వరంగా ఉన్న రోజున డ్యూటీకి వెళ్ళిందని మొదలైన గొడవ, మాటా మాటా పెరిగి విడాకుల దాకా పోయింది. పిల్ల తండ్రి దగ్గర ఉండిపోయింది. తండ్రేమో దూరాలు తిరిగే బస్సు డ్రైవరు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. అందుకని ఆ పిల్ల హాస్టలు పాలయింది. తాతగారు దానికి పెట్టుకున్న ముద్దుపేరు పిచ్చుక. ఆ హాస్టల్లో కట్టుదిట్టాలు ఎక్కువ. చేర్చిననాడు ఇచ్చిన నంబరు నుంచి ఫోను వస్తేనే పిల్లని పిలుస్తారు. ఆ నంబరు ఈ హాల్లో ఉన్న ఫోనుది.

చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. అతను సింకు దగ్గర నిలబడి గోళ్ళలో పిండి కడుక్కుంటున్నాడు. కడిగిన చేతినే మళ్ళీ కడుగుతున్నాడు గానీ ఇటు తిరగడం లేదు.

"ఇంటర్నెట్టు ఫోను కదా, కంపెనీవాళ్ళ పొరపాటు అయ్యుంటుంది," అన్నాడు మామగారు, పేపరు దించకుండా.

"మీకన్నీ పొరపాట్లే. దాన్ని ఈ ఇంటికి తెచ్చింది కూడా మీ పొరపాటే."

నిజమే, పెద్దకోడలి సంబంధం తెచ్చింది ఆయనే. ఆమె నర్సుగా చేసే ఆస్పత్రిలోనే ఆయన కాంపౌండరు. రిటైరయి ఎన్నేళ్ళయినా వీధిలో అందరికీ ఆయన కాంపౌండరుగారే. ఆయన నోటికి కూడా ఆ ఉద్యోగం వదల్లేదు. ఇంటి ఫోను మోగితే ఎత్తి, "చెప్పండి, ఎవరికి ఒంట్లో బాగాలేదు?" అంటాడు. ఒకసారి పెళ్ళికి పిలుద్దామని ఫోను చేసిన చుట్టం ఆ మాటకి హడలిపోయి, పెళ్ళికొడుకు క్షేమంగానే ఉన్నాడండీ అని చెప్పి పెట్టేశాడు. "శుభమా అని ఫోను ఎత్తితే ఆ రోగాల మాటలేంటండీ" అని భార్య ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉంది.

చిన్నకోడలు తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడుకి మొగుడి భుజం కొంచెం కదిలింది.

గదిలోకి వెళ్ళాక గానీ అతని నోరు పెగల్లేదు.

"నిజం చెప్పు. అమ్మకి నేను సర్దిచెప్తాను."

"ఏ నిజం?"

"వదిన వస్తోందా ఇక్కడికి?"

"నువ్వు కూడానా?"

"నేనేమీ అనడం లేదు, అడుగుతున్నా. నిప్పు లేనిదే పొగ రాదు కదా."

మంచం మీద ఆరిన బట్టలు పడున్నాయి. ఆమె ఒక చొక్కా తీసి మడత పెట్టింది. కుదర్లేదని విప్పి మళ్ళీ పెట్టింది.

"తాళంచెవి ఈ ఇంట్లో నా ఒక్కదాని దగ్గరే లేదు," అంది. "నీ దగ్గరా ఉంది."

"అంటే?"

"బుధవారం మధ్యాహ్నం బేకరీలో పొయ్యి ఆర్పేస్తారు. నువ్వు మాత్రం సాయంత్రానికి గానీ రావు. ఎక్కడికెళ్తావని ఎప్పుడైనా అడిగానా?"

"నన్ను అనుమానిస్తున్నావా?"

"నువ్వెలా అడిగావో నేనూ అలాగే అడుగుతున్నా."

"స్నేహితులతో కూర్చుంటానని నీకు తెలుసు."

"తెలుసనే అనుకున్నా ఇన్నాళ్ళూ."

అనేశాక ఆమెకి తన మీద తనకే అసహ్యమేసింది. మొన్నటిదాకా అతని బుధవారాల గురించి ఆమెకి ఆలోచనే లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ భూతం ఒక్కర్ని పట్టి ఊరుకోదు, ఇంటిల్లిపాదినీ చుట్టబెడుతుంది.

అతను మంచం చివర కూర్చున్నాడు.

"కొన్నాళ్ళు మీ అమ్మ దగ్గర ఉండిరా," అన్నాడు చివరికి. "అమ్మ చల్లబడేదాకా."

"వెళ్తే ఆ పని నేనే చేశానని ఒప్పుకున్నట్టే. మళ్ళీ ఈ గుమ్మం తొక్కనిస్తుందా మీ అమ్మ? అక్క కూడా కొన్నాళ్ళనే కదా వెళ్ళింది."

అతను మడతపెట్టిన చొక్కా తీసుకుని తొడుక్కుని బయటికి పోయాడు.

మర్నాడు మంగళవారం. షాపుకి వెళ్ళేముందు ఆమె హాలు దులుపుతోంది. దులపాల్సినంత దుమ్మేమీ లేదు గానీ, అత్తగారు ఎదురుపడితే చేతిలో ఏదో ఒక పని ఉండటం మంచిదని.

ఫోను బల్ల వెనక, గోడ వారగా, ఇంటర్నెట్టు డబ్బాలు రెండున్నాయి. పెద్దది మొబైళ్ళకి నెట్టు ఇచ్చేది. చిన్నది సబ్బుపెట్టెంత ఉంటుంది, అది ఫోనుది. పాత లైను తీసేసినప్పుడు నెట్టు కుర్రాడు వచ్చి ఆ చిన్న డబ్బా బిగించి, ఇంట్లో ఉన్న పాత ఫోనునే దానికి తగిలించి వెళ్ళాడు. నంబరు కూడా పాతదే. "ఆ నంబరు పోతే పిల్ల మనకి పోయినట్టే" అని అత్తగారే పట్టుబట్టి ఉంచింది.

గుడ్డ పెద్ద డబ్బా మీద పెడితే బూజు ఉండలుగా వచ్చింది. చిన్నదాని మీద పెడితే ఏమీ రాలేదు. అద్దంలా ఉంది.

ఆమె వంగి చూసింది. చిన్న డబ్బాకి వచ్చే తీగలు మూడు. మూడిటికీ తెల్లటి ప్లాస్టరు ముక్కలు చుట్టి ఉన్నాయి, దెబ్బలకి వేసే ప్లాస్టరు. వాటి మీద నీలం సిరాతో "కరెంటు", "నెట్టు", "ఫోను" అని రాసి ఉంది. ఆ దస్తూరీ ఆమెకి తెలుసు. దగ్గు మందు సీసా మీద "రోజుకి రెండుసార్లు" అని రాసే దస్తూరీ అది.

తీగలు పీకి మళ్ళీ పెట్టేవాడికే గుర్తులు కావాలి. ఒకసారి బిగించి వదిలేసినవాడికి ఎందుకు?

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. డబ్బా బిగించిన రోజున ఆ కుర్రాడు ఒక మాట అన్నాడు. "రేపు మీరు ఇల్లు మారినా భయం లేదండీ. ఈ డబ్బా పట్టుకెళ్ళి, నెట్టున్నచోట ఎక్కడ తగిలించినా ఈ నంబరే పలుకుతుంది." మామగారు ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాడు. పాపం చెవుడొస్తోంది అనుకుంది ఆమె అప్పుడు. ఇంట్లో మిగతావాళ్ళకి నంబరంటే గోడకి కొట్టిన మేకే, ఇల్లు కదిలితే గానీ అది కదలదు.

వరండాలో ఆయన మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

"మామయ్యా, ఆ తీగలకి ప్లాస్టరు ఎవరు వేశారు?"

చెంబులో నీళ్ళు అయిపోయేదాకా ఆయన పోస్తూనే ఉన్నాడు.

"దెబ్బ తగిలినచోటే కదమ్మా ప్లాస్టరు వేస్తారు."

"ఎవరికి తగిలింది?"

"పిచ్చుకకి." చెంబు గోడ మీద పెట్టాడు. "నత్తి మొదలైంది దానికి. నువ్వు గమనించలేదు. సెలవులకి వచ్చినప్పుడు ఎందుకు మాట్లాడలేదనుకున్నావు? పౌరుషమనుకుంది మీ అత్తయ్య. నోరు తెరిస్తే మాట రాక."

"అక్కతో మాట్లాడితే వస్తుందా?"

"వాళ్ళమ్మ ఒక్కో ముక్కా చెప్తుంది, ఇది మెల్లిగా అందుకుంటుంది. నేను ఆ డబ్బా వాళ్ళింట్లో ఫోనుకి తగిలించి పక్కనే కూర్చుని వింటాను. మొదట్లో రెండు ముక్కలకే ఏడ్చేసేది. ఇప్పుడు వాక్యాలు చెప్తోంది. ఎల్లుండి స్కూల్లో స్టేజీ ఎక్కి పాఠం అప్పజెప్పాలి. రేపు ఆఖరిసారి వల్లె వేయించాలి."

"మరి చదరంగం?"

"ఆడుతున్నాగా. మీ అత్తయ్యతో."

మరోరోజైతే ఆమె నవ్వేది. ఇవాళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు పావులు కదుపుతుంటే ఇక్కడ నేను దొంగనయ్యాను మామయ్యా. ఆయన కూడా నన్ను నమ్మడం లేదు. పుట్టింటికి పొమ్మంటున్నారు. అత్తయ్యకి మీరు ఒక్క మాట చెప్తే పోదా?"

"చెప్తే ఏం చేస్తుందో నీకు తెలీదా? వెంటనే హాస్టలుకి వెళ్ళి నంబరు మార్పించేస్తుంది. ఆ పిల్ల నోరు మళ్ళీ మూతపడుతుంది." ఆయన గొంతు తగ్గింది. "నీకు అన్యాయం జరుగుతోందని తెలుసమ్మా. నిన్న పేపరు అడ్డం పెట్టుకున్నది సిగ్గేసే. రేపొక్కరోజు ఆగు. ఎల్లుండి పిల్ల స్టేజీ దిగాక నేనే చెప్తాను, అందరి ముందూ."

ఆమె ఆగుతానని చెప్పలేదు. ఆగనని కూడా అనలేదు. లోపలికొచ్చి, దులుపుడు గుడ్డతో ఆ పెద్ద డబ్బా మీది బూజు కొంచెం తీసి చిన్నదాని మీద రాసింది.

బుధవారం మామగారు చేతిసంచీ పట్టుకుని చదరంగానికి వెళ్ళిపోయాడు. అత్తగారు అంతకు ముందే చెల్లెలింటికి బయల్దేరింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆవిడ ఈశ్వరుడి మీద భారం వేసే మనిషి కాదు.

అన్నం వేళకి కుట్టుషాపుకి మొగుడు వచ్చాడు. "అమ్మ రమ్మంటోంది. ఇంట్లోనే ఉంది."

"చెల్లెలింటికి వెళ్ళలేదా?"

"వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చేసిందట. నాన్న వెళ్ళాక."

ఆమె చేతిలో ఉన్న సూది వేలికి గుచ్చుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఫోను బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఫోను ఎప్పటిలాగే తన చోట్లో ఉంది. బల్ల వెనక చూడాలనే ఊహ ఆవిడకి రాలేదు. ఫోను కళ్ళెదురుగా ఉన్నాక వెనకేముంటుంది?

"కూర్చోండి ఇద్దరూ. తాళాలన్నీ నా దగ్గరున్నాయి. మనుషులందరూ నా ఎదురుగా ఉన్నారు. ఇవాళ ఫోను ఎలా వెళ్తుందో చూద్దాం."

మామగారికి ఎలాగైనా కబురందించాలి. ఆయన దగ్గర మొబైలు లేదు. ఆ అక్షరాలు కనబడవని వద్దన్నాడు. ఇప్పుడు ఆయన్ని పట్టుకోవడానికి ప్రపంచంలో ఉన్నది ఒకటే నంబరు. అది ఈ ఇంటి నంబరు.

"మంచినీళ్ళు తాగొస్తాను," అని ఆమె పెరట్లోకి వెళ్ళి తన మొబైల్లో ఆ నంబరు కొట్టింది. అవతల ఎంగేజి. పిల్ల మాట్లాడుతోందన్నమాట. ఆమెకి గుండె నిండినట్టూ ఉంది, జారినట్టూ ఉంది.

తిరిగొచ్చేసరికి అత్తగారు కొడుకు మొబైలు నుంచి హాస్టలుకి చేయించింది. స్పీకరు పెట్టించి, పిల్ల పేరూ క్లాసూ చెప్పింది.

"దాని నాయనమ్మనండీ. ఇవాళ మా ఇంటి నుంచి ఫోను వస్తే పిల్లని పిలవకుండా నాకు చెప్పండి."

"ఇంకా రావడమేమిటండీ?" అంది వార్డెనమ్మ. "మీ ఇంటి నుంచి ఇప్పుడు మాట్లాడుతూనే ఉన్నారుగా. పిల్ల పక్క గదిలోనే ఉంది."

ముగ్గురూ ఫోను వైపు చూశారు. రిసీవరు ఎత్తకుండా పెట్టిన చోటే ఉంది.

"మా ఇంటి నుంచా?"

"మీ నంబరే పడింది. కొత్త నంబరైతే మేము పిలవం కదండీ." వార్డెనమ్మ గొంతులో సంబరం ఉంది. "ఒకసారి వినండి, మీరే ఆశ్చర్యపోతారు. రేపు స్టేజీ మీద చెప్పాల్సిన పాఠం మొత్తం అప్పజెప్పేసింది. ఎక్కడా ఆగలేదు. చేరినప్పుడు తన పేరు చెప్పడానికే ఎంత అవస్థపడేదో. మీ ఇంట్లో ఆవిడెవరో గానీ, ఆవిడ చలవే."

కాసేపు మొబైల్లో ఏదో తలుపు చప్పుడు, దూరంగా ఒక చిన్న గొంతు వినిపించాయి. మాటలు తెలియలేదు గానీ అవి ఆగకుండా వస్తున్నాయి. ఆవిడ ముందుకి వంగింది. తరువాత ఫోను పెట్టేయమని కొడుక్కి సైగ చేసింది.

కొడుకు హాల్లో ఫోను రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "చచ్చిపోయింది. చప్పుడే లేదు."

"నేనే అత్తయ్యా," అంది చిన్నకోడలు.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నేనే తాళం తీసి అక్కని రానిచ్చాను. పుట్టింటికి పొమ్మంటే పోతాను. ఈ విషయం ఇక్కడితో వదిలేయండి."

మొగుడి ముఖం పాలిపోయింది. అత్తగారి ముఖం మాత్రం మారలేదు. ఆవిడ కోడల్ని పరీక్షగా చూసింది, మొన్నటి చూపు కాదు అది.

"రానిచ్చావా?"

"అవును."

"ఇప్పుడది ఎక్కడుంది? నువ్విక్కడున్నావు, నేనిక్కడున్నాను, ఫోను ఇక్కడుంది. మంచం కింద దాక్కుందా?"

చిన్నకోడలు నేల చూపులు చూసింది.

"అబద్ధం చెప్పడం కూడా చేతకాదు నీకు. ఎవర్ని కాస్తున్నావు?"

అత్తగారు లేచి, మొన్న లాక్కున్న తాళంచెవి తీసి కోడలి ముందు పెట్టింది.

"నీ మొబైలు తియ్యి. మన నంబరుకి కొట్టు."

"అత్తయ్యా, వద్దు."

"కొట్టు. స్పీకరు పెట్టు."

"రేపు ఒక్కరోజు ఆగండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"రేపు పిల్ల స్టేజీ ఎక్కుతుంది, అంతేనా? వార్డెనమ్మ చెప్పింది నేనూ విన్నాను. కొట్టు."

ఆమె కొట్టింది. ఎంగేజి రాకూడదా అని మొక్కుకుంది. ఎంగేజి రాలేదు. మొబైల్లో రింగు వెళ్తోంది. ఎదురుగా బల్ల మీది ఫోను మోగడం లేదు. కొడుకు నోరు తెరుచుకుని ఒకసారి ఫోను వైపు, ఒకసారి మొబైలు వైపు చూస్తున్నాడు.

అవతల ఎవరో ఎత్తారు.

"చెప్పండి, ఎవరికి ఒంట్లో బాగాలేదు?"

అత్తగారి చెయ్యి కుర్చీ వీపు మీద బిగుసుకుంది. మొబైల్లోంచి వెనకగా ఒక ఆడగొంతు వినిపించింది, ఏడాదిగా ఈ ఇంట్లో వినబడని గొంతు. "ఎవరు మామయ్యా? మళ్ళీ పిచ్చుకేనా? బాగా చెప్పింది కదా, రేపు భయపడొద్దని నేను అన్నానని చెప్పండి."

"ఎవరండీ, పలకరేం?" అన్నాడు కాంపౌండరుగారు. "ఎవరికి బాగాలేదు?"

చిన్నకోడలు ఫోను కట్ చేయబోయింది. అత్తగారు ఆమె చేతిలోంచి మొబైలు తీసేసుకుంది. నోటి దగ్గర పెట్టుకుంది. కోడలికి ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

"నాకేనండీ," అంది.